ముందు నడిచేవాడు

దారి రెండుగా చీలేచోట కేతెగౌడ ఎడమచెయ్యి పైకెత్తాడు. వెనక ముగ్గురూ ఆగిపోయారు. అతను తల కొంచెం వెనక్కి వాల్చి, కళ్లు సగం మూసి, గాలి పీల్చాడు. ఒకసారి. ఆగి, రెండోసారి. ముప్పయ్యేళ్లుగా ఇదే చోట ఇలాగే పీలుస్తున్నాడు. చెయ్యి దించి కుడిచేతి దారి పట్టాడు. ముగ్గురూ కదిలారు.

ముక్కులోకి వచ్చింది చల్లగాలి ఒక్కటే. దానికి వాసన లేదు. రెండు వేసవులుగా దేనికీ లేదు. ఆ సంగతి అతనికొక్కడికే తెలుసు.

లాంటానా కంప దారికి రెండు పక్కలా మనిషెత్తు దాటి పెరిగి, పైన కలుసుకుంది. లోపల నడిస్తే చూపు రెండు బారలు దాటదు. అక్కడ కళ్లున్నవాడు పనికిరాడు, ముక్కున్నవాడు కావాలి. అందుకే ఈ కొండల్లో బతికే సోలిగలు అడవిలో వరసగా నడిచేటప్పుడు ముందువాడిని వయసు చూసి పెట్టరు, బలం చూసి పెట్టరు. ఏనుగు పక్కనే నిలబడి ఉందో, నిన్ననే పోయిందో గాలిలో పట్టేవాడు ముందు నడుస్తాడు. అతని చెయ్యి లేస్తే ఆగుతారు, దిగితే కదులుతారు. మధ్యాహ్నం సంకటి మూట విప్పితే మొదటి ముద్ద అతనిది. తేనె తీస్తే మొదటి తునక అతనిది. ఆ పనికి అంతకుమించి ఇచ్చేదేమీ లేదు.

తాతల కాలంలో ఈ కంప లేదు. చలికాలం చివర ఎండుటాకుకి చిన్న మంట పెట్టేవాళ్లు. మోకాలెత్తు మంట. మధ్యాహ్నానికి తనే ఆరిపోయేది. ఫారెస్టువాళ్లు వచ్చి అది నేరమన్నారు. మంట మానేశారు, కంప వచ్చింది. రెండేళ్ల కిందట ఆ కంప ఎండి అంటుకుని ఆరు రోజులు కాలింది. నేరమన్నవాళ్లే పరుగున వచ్చి ఆర్పమన్నారు. కేతెగౌడ ఆరు రోజులూ పచ్చికొమ్మతో మంటని బాదాడు. కుడి కనుబొమ్మ కాలింది, మళ్లీ మొలవలేదు. నెలరోజులు నల్లగా ఉమ్మాడు. తర్వాత ఒక ఉదయం వేళ్ల సందున బీడీ చివరిదాకా కాలి చర్మం చురుక్కుమంటే గాని, ఏదో కాలుతోందని తెలియలేదు.

భార్య నంజి ఉండి ఉంటే ఆ రోజే కనిపెట్టేది. నంజి పోయి నాలుగేళ్లు. ఇంట్లో మనిషి లేనివాడు ఏ లోపాన్నయినా దాచుకోగలడు, అడిగేవాళ్లుండరు.

మొదట జలుబు తగ్గితే వస్తుందనుకున్నాడు. తర్వాత చెబుదామనుకున్నాడు. నెల దాటాక చెప్పడానికి నోరు రాలేదు. ఇన్నాళ్లూ మమ్మల్ని ఎట్లా నడిపించావని అడుగుతారు. మంట దాటకుండా అడవిలో కంప నరికి బాట తీసే ఫైర్‌లైన్ వాచర్లు నలభైమంది ఉన్నారు. ముందు నడిచే కేతెగౌడ ఒక్కడే. వెనక నడిచే కేతెగౌడ ఎవరో అతనికే తెలియదు.

అందుకని వేరే దార్లు వెతుక్కున్నాడు. పేడ కనబడితే బొటనవేలితో తాకి వేడి చూసేవాడు. కంప కొమ్మలకి బురద ఎంత ఎత్తులో రాసుకుందో, అది తడిగా ఉందో పొడిగా ఉందో చూసేవాడు. పిగిలిపిట్టలు అరవడం మానేస్తే ఆగేవాడు. కొండముచ్చు దగ్గితే చెయ్యెత్తేవాడు. రెండు వేసవులు గడిచాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే అతన్ని చెడగొట్టింది.

పెద్దబండ దగ్గర ఆగి నీళ్లు తాగారు. అక్కడ చెట్లు లేవు, మాట్లాడుకోవచ్చు.

"మామా, నీ ముక్కు ఒక పూట నాకు ఎరువివ్వు," అన్నాడు బొమ్మయ్య. "మా ఆవిడ ఏం వండిందో ఇక్కణ్ణించే చెప్పేస్తా."

"మీ ఆవిడ వంటకి ముక్కెందుకురా?" అన్నాడు మసణయ్య. "పోపు వేస్తే గూడెమంతా దగ్గుతుంది."

కేతెగౌడ నవ్వాడు. అతను సన్నటి మనిషి. ఖాకీ చొక్కా ఇద్దరికి సరిపోయేట్టు వేలాడుతుంది. మడమలు పగిలి, పగుళ్లలో ఎర్రమట్టి శాశ్వతంగా నిలిచిపోయింది. మచ్చుకత్తి పిడి పట్టిన చోట అరచెయ్యి చెక్కలా ఉంటుంది. ముక్కు మాత్రం వెడల్పుగా, నున్నగా, ఎవరో రోజూ తుడిచిపెట్టినట్టు ఉంటుంది.

బండ దిగాక మళ్లీ కంప. అతని వెనక జడేయ. నంజి తమ్ముడు, నలభై దాటినవాడు, తక్కువ మాట్లాడతాడు. పాతిక అడుగులు వేశారో లేదో, జడేయ వెనకనించి చొక్కా పట్టుకుని గుసగుసగా అన్నాడు.

"బావా, ఎలుగు."

కేతెగౌడ ఆగి గాలి పీల్చాడు. పిట్టలు అరుస్తూనే ఉన్నాయి. నేల మీద అడుగు లేదు.

"నిన్నటిది," అన్నాడు.

మూడడుగులు వేశాడు. రెండు బారల ముందు కంప విరుచుకుని ఎలుగు దారిలోకి దూకింది. వెనక్కాళ్ల మీద లేచి నిలబడి, ఛాతీ మీది తెల్లమచ్చ కనబడేట్టు ఒకసారి బుస్సుమంది. దాని నోట్లో చెదలమట్టి ఎర్రగా ఉంది. దాని వెనక పిల్ల ఉండి ఉంటే కేతెగౌడ మొహం అక్కడితో పోయేది. పిల్ల లేదు. ఎలుగు దిగి, అవతలి కంపలో పడి పోయింది.

"నిన్నటిది ఇవాళ మళ్లీ వచ్చినట్టుంది, మామా," అన్నాడు బొమ్మయ్య. మచ్చుకత్తి పిడి వదలకుండానే నవ్వాడు. మసణయ్య కూడా నవ్వాడు. జడేయ నవ్వలేదు.

ఫైర్‌లైన్ చేరి పనిలో దిగారు. లైనుకి ఆ అంచు నించి ఈ అంచు దాకా కంప నరకాలి, వేరు పెకలించాలి, మధ్యకి లాగి ఎండనివ్వాలి. వేరు వదిలేస్తే మొదటి వానకే లేస్తుంది. ముళ్లు చిన్నవే గాని చర్మంలో విరిగి ఉండిపోతాయి. కేతెగౌడ ఒంగి మొదలు దగ్గర ఒక్క వేటు వేసి, కాలితో నొక్కి, పక్కకి తిప్పి లాగేవాడు. వయసు కాలికి వచ్చింది గాని ఆ వేటుకి రాలేదు. మిగతా ముగ్గురూ ఒక మోపు తీసేసరికి అతను రెండు తీసేవాడు. ఇవాళ మూడు తీశాడు. ఎవరివైపూ చూడలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. జడేయ నీళ్ల డబ్బా తీసుకుని వాగులోకి దిగాడు. వచ్చేటప్పుడు డబ్బా ఎడమచేతిలో ఉంది, కుడిచెయ్యి గుప్పిట మూసి ఉంది. బొమ్మయ్య, మసణయ్య అవతల మద్దిచెట్టు కింద సంకటి మూట విప్పుతున్నారు. జడేయ నేరుగా వచ్చి గుప్పిట బావ ముక్కు దగ్గర పెట్టాడు.

"ఇదేం ఆకో చెప్పు."

కేతెగౌడ గుప్పిట వైపు చూశాడు. వేళ్ల సందున ఆకుపచ్చ రసం కారుతోంది. వాగులోంచి వచ్చాడు. వాగు అంచున ఉండేది ఒకటే.

"అడవిపసుపు."

జడేయ గుప్పిట తెరిచాడు. నలిపిన లాంటానా ఆకు. పొద్దుటినించీ నరుకుతున్నది, వాళ్ల చేతుల్నీ బట్టల్నీ పడకనీ వదలని కంపు.

కేతెగౌడ తన అరచేతులు చూసుకున్నాడు. వాటికీ అదే అంటి ఉండాలి.

"ఎప్పట్నించి?"

"పెద్దమంటప్పట్నించి."

జడేయ ఆకుని నేలకేసి కొట్టాడు. "పోయినేడు జాతరకి నా పెళ్లాన్నీ పిల్లల్నీ కొండ దాటించింది నువ్వే. ముందు నడిచి."

"ఏమీ కాలేదుగా."

"కాలేదు. అది నీ గొప్పా?"

కేతెగౌడ మచ్చుకత్తి అంచుని బొటనవేలితో తడిమాడు. "వాళ్లకి చెబుతావా?"

"నాకెందుకు? నువ్వు ముందు నడవకు."

"ఎందుకని అడిగితే?"

"అడగరు. ముద్ద ఇచ్చెయ్యి, చాలు. తిట్టడానికి మా అక్క లేదు. ఉంటే నీ చెంప పగలగొట్టేది."

"అది ఉంటే ఇంతదాకా రానిచ్చేది కాదు," అన్నాడు కేతెగౌడ.

చెట్టు కింద నలుగురూ కూర్చున్నారు. మసణయ్య మొదటి ముద్ద చేసి, అలవాటు కొద్దీ కేతెగౌడ ఆకులో పెట్టాడు. రాగిసంకటి నల్లగా, మెరుస్తూ ఉంది. కేతెగౌడ దాన్ని రెండు చేతులతో తీసి జడేయ ఆకులో పెట్టాడు.

"ఏం మామా, మసణయ్య చేతి ముద్దకి మొహం మొత్తిందా?" అని బొమ్మయ్య మొదలుపెట్టి, మసణయ్య మోచెయ్యి తగిలి ఆగిపోయాడు. జడేయ తల దించుకుని తిన్నాడు. మిగిలినవాళ్లు అతను రెండు తునకలు మింగేదాకా ఆగి, తర్వాత మొదలుపెట్టారు. పద్ధతి అదే.

పొద్దు వాలకముందే బయల్దేరారు. జడేయ ముందు. కేతెగౌడ పక్కకి జరిగి ముగ్గురినీ పోనిచ్చి చివర నిలబడ్డాడు.

వరసలో చివరివాడికి పని లేదు. ముందువాడి వీపు చూస్తూ నడవడమే. ముప్పయ్యేళ్లుగా అతను ఎవరి వీపూ చూడలేదు. బొమ్మయ్య చొక్కాకి భుజం మీద చిరుగుంది. కుట్టింది వాళ్లావిడే అయ్యుంటుంది, దారం రంగు కలవలేదు. ఆ మనిషి ఎడమకాలు కొంచెం ఈడుస్తాడని ఇప్పుడే తెలిసింది. పేడ చూడక్కర్లేదు, పిట్టల్ని వినక్కర్లేదు. మెడ తేలికయింది. తలెత్తి చూస్తే కంపకి పైన ఒక మోదుగ, ఆకు రాలి, కొమ్మకొమ్మకీ ఎర్రగా పూసి ఉంది. ఈ దారిలో మోదుగ ఉందని అతనికి గుర్తులేదు. దాన్ని చూడ్డానికి ఆగాడు.

గాలి ఎదురు వీస్తోంది. ముందున్నదంతా జడేయకి తెలుస్తోంది. అంతకుముందే ఒకచోట చెయ్యెత్తి, అడవిదున్నలని చెప్పి, వాళ్లని చుట్టు తిప్పి తీసుకెళ్లాడు. తప్పు చెయ్యలేదు. ఎదురుగాలిలో వెనకున్నది ఏ ముక్కుకీ అందదు.

వాగు దాటి గట్టెక్కి జడేయ వెనక్కి తిరిగి చూశాడు. ఇద్దరే ఉన్నారు.

వెనక్కి వెళ్లారు. ఎంతో దూరం లేదు. ఏనుగు ఒంటరిది. ముగ్గురిని పోనిచ్చి, నాలుగోవాడి వెనక దారిలోకి వచ్చింది. అరుపు ఎవరూ వినలేదు. కంప విరిగిన చప్పుడు విన్నానని మసణయ్య తర్వాత చాలామందికి చెప్పాడు. అప్పుడు మాత్రం వినలేదు. కేతెగౌడ మోదుగ కింద పక్కకి తిరిగి పడుకున్నట్టు ఉన్నాడు. మొహానికి ఏమీ కాలేదు. జడేయ పక్కన కూర్చుని, చొక్కా సర్ది, కళ్లు మూశాడు.

కొళ్లేగాల పట్నం నించి వచ్చిన ఫారెస్టు గార్డు మర్నాడు పొద్దున కాగితం మీద రాసుకున్నాడు.

"ఇతనే కదా మీకు ముందు నడిచేది? వెనక ఎందుకున్నాడు?"

బొమ్మయ్య, మసణయ్య జడేయ వైపు చూశారు.

"అలిసిపోయాడు," అన్నాడు జడేయ.

గార్డు అజాగ్రత్త అని రాశాడు. గూడెంలో ముసలివాళ్లు మాత్రం ఆ ముక్కుని తప్పించుకుని వచ్చిందంటే అది మామూలు ఏనుగు కాదన్నారు. జడేయ ఆ మాట కాదనలేదు. ఆ రోజూ కాదనలేదు, తర్వాతా కాదనలేదు.

పాతిపెట్టే ముందు కప్పడానికి మంచి పంచె ఏదైనా ఉందేమో చూడమన్నారు. జడేయ బావ ఇంటికి వెళ్లాడు. తలుపు తీయగానే వెనక వచ్చిన ఆడవాళ్లు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు. జడేయ లోపలికి వెళ్లాడు. చాప చుట్టి గోడకి ఆనించి ఉంది. నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. నిన్న పొద్దున తిన్న కంచం కడిగి బోర్లించి ఉంది.

చీకటి మూలలో పొయ్యి మీద అనపగింజల చారు కుండ ఉంది. చారు మీద బూజు తెల్లగా, దళసరిగా పట్టింది. గరిటె ముంచి తీసుకున్న మేర మాత్రం చీలి ఉంది.