అంగిలి మీద గంధపు నూనె

రామ్మూర్తిని ఏళ్ళ తరబడి ఒక అనుమానం వదల్లేదు. పొద్దున్నే సాన మీద గంధం అరగదీసి నరసింహస్వామికి పెట్టేటప్పుడల్లా అనుకునేవాడు: ఉగ్రమూర్తినే చల్లబరిచే చెక్కలో మనిషి రోగానికి మందుండదా? ఉంటే, దాన్ని స్వామికే పూసి ఊరుకోవడం ఆయనకి మాత్రం ఇష్టమేనా?

రెండువేల మూడులో ఆ అనుమానం ఇంటి మీదికే వచ్చింది. తల్లి సూరమ్మ అడ్డపొగ మనిషి. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకునే వంటంతా చేసేది. అంగిలి మీద పుండు లేచింది. కాకినాడ డాక్టరు పరీక్ష చేయించి, క్యాన్సరేనని, ఇంకా ముదరలేదు గనక కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకుంటే తగ్గొచ్చని చెప్పాడు.

సరిగ్గా అప్పుడే పేపర్లో పడింది, గంధపు నూనెలోని ఒక పదార్థం క్యాన్సర్ కణాలను చంపుతోందని.

"స్వామివారి మందుండగా కరెంటెందుకురా?" అంది సూరమ్మ.

రామ్మూర్తి అమలాపురంలో నూనె కొన్నాడు. దేవుడి దగ్గర పెట్టి, దూదితో పుండుకి అద్దడం మొదలెట్టాడు. కాకినాడ వెళ్ళాల్సిన రోజు దాటిపోయింది. పుండు మరింత ఎర్రబడి, చివరికి గంజి కూడా దిగడం మానేసింది.

వీధి చివర అమ్మాజీ టీచరు కూతురు సుస్మిత విశాఖపట్నంలో చెక్కనూనెల మీదే పరిశోధన చేస్తోంది. క్రిస్మస్‌కి వచ్చిందని విని రామ్మూర్తి పిలుచుకొచ్చాడు.

"ఇది కణాలను చంపుతుందా లేదా అమ్మా?"

"చంపుతుందండి, గాజుగిన్నెలో. చిక్కటి ఉప్పునీళ్ళు పోసినా చస్తాయండి అవి. ఒంట్లో అయితే మంచివాటిని వదిలేసి చెడ్డవాటినే పట్టుకోవాలి కదండి."

"అయితే చెక్కలో మందు లేదంటావు."

"ఉందనే నమ్మకంతోనే రోజూ పనిలోకి వెళ్తానండి. కానీ నా నూనె ఇంకా చంటిపిల్లండి. దాని నెత్తిన మామ్మగారిని పెడతారా?"

సూరమ్మ మూలుగుతూనే ఎత్తిపొడిచింది. "ఆ మాత్రానికి ఇంత చదువెందుకే? కొబ్బరాకులు చీరుకున్నా నాలుగు చీపుళ్ళొచ్చేవి."

"ఆయ్, వచ్చేవండి. మీరు మాకో బాకీ ఉన్నారు మామ్మగారూ. నేను పదో తరగతి ఫస్టుక్లాసులో పాసైతే మా ఇంట్లో కాఫీ తాగుతానన్నారు. పాసై పదేళ్ళైంది."

కులం పట్టింపుతో సూరమ్మ ఆ ఇంట ఏనాడూ మంచినీళ్ళు కూడా ముట్టలేదని అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు.

"కరెంటు పెట్టించుకొచ్చేకే తాగండి. ఎదురుచూస్తాం," అని సుస్మిత లేచింది.

మర్నాడు గంధం తీస్తూ రామ్మూర్తి అనుకున్నాడు: మందు చెక్కలో దాచిన స్వామే దాన్ని వెతికి తీసే ఓపిక ఈ పిల్లకిచ్చాడేమో. అంతదాకా డాక్టరు చేతిలో ఉన్న వైద్యమూ స్వామిది కాదని ఎలా అనగలం? పూజ ముగించి కారు మాట్లాడాడు. తల్లి కాదనలేదు.

కారు వీధి చివరికి రాగానే సూరమ్మ, "ఆపించరా" అంది.

"తిరిగొచ్చేక వెళ్దాంలే అమ్మా."

"బాకీ పెట్టుకుని ప్రయాణమేంట్రా?"

కొడుకు భుజం పట్టుకుని మెట్లెక్కి, అమ్మాజీ వరండాలో కుర్చీలో కూర్చుంది. అమ్మాజీ హడావుడిగా కాఫీ కలిపి, గ్లాసులోంచి గ్లాసులోకి తిరగబోస్తూ వచ్చింది.

"చల్లార్చేనండి. మెల్లిగా తాగండి."

గుక్కగుక్కకీ సూరమ్మ కళ్ళు మూసుకుంది. అయినా చుక్క మిగల్చలేదు.

"పంచదార తక్కువైంది, అమ్మాజీ," అంటూ గ్లాసు ఆవిడ చేతికిచ్చింది.