గచ్చిబౌలిలో పోటు వేళ

నీళ్ళు వస్తున్నాయి.

మెల్లగా... తొట్టి అడుగున బురదను తడిపి, బురదలోంచి వేళ్ళలా పైకి లేచిన ఊపిరి వేర్లను ముంచి, నలభై రెండు మడ మొక్కల కాళ్ళ దాకా వస్తున్నాయి. ఉప్పు వాసన వేస్తోంది. బాలనర్సయ్య కుళాయి మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. నీళ్ళు మొక్కల నడుము దాకా రాగానే కట్టేస్తాడు.

అది పోటు.

కాసేపు ఉంచి, అడుగున బిరడా లాగుతాడు. నీళ్ళు వెళ్ళిపోతాయి.

అది ఆటు.

గచ్చిబౌలిలో సముద్రం లేదు. రాళ్ళున్నాయి, రాళ్ళ పక్కన అద్దాల మేడలున్నాయి. మేడల్లో అందరూ కంప్యూటర్ల ముందు కూర్చుంటే, విశ్వవిద్యాలయంలో ఒక మూలనున్న ఈ చిన్న భవనం మాత్రం సముద్రాన్ని చదువుకుంటుంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. లోపల గోడల నిండా తీరాల పటాలు, బీరువాల నిండా సీసాల్లో ఇసుక. వెనక షెడ్డులో ఈ సిమెంటు తొట్టి, గట్టు మీద ఉప్పునీళ్ళ డ్రమ్ము.

బాలనర్సయ్య అక్కడ తోటమాలి. ఊరు నల్లగండ్ల. చిన్నప్పుడు ఈ రాళ్ళ మధ్యనే గొర్రెలు కాశాడు. అరవై దగ్గరపడుతున్నా ఇంతవరకు సముద్రం చూడలేదు.

దాని వేళలు మాత్రం తెలుసు.

నేర్పింది కెజియా. కాకినాడ పిల్ల, మడ అడవుల మీద పరిశోధన చేస్తోంది. మడ విత్తులను తడిగుడ్డలో చుట్టి, రాత్రంతా రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. సగం విత్తులు అక్కడి తీరంలోనే నాటి వచ్చింది. అక్కడి మొక్క, ఇక్కడి మొక్క ఒకే వేళకు నీళ్ళు తాగాలి. అప్పుడే రెంటినీ పోల్చగలదు. మూడేళ్ళ చదువు ఆ పోలిక మీదే నిలబడి ఉంది.

రోజుకు రెండు పోట్లు. ప్రతిరోజూ నిన్నటికంటే సుమారు యాభై నిమిషాలు ఆలస్యం, అదీ ఒక్కో రోజు ఒక్కోలా. వేళలన్నీ కాగితం మీద అచ్చువేసి తొట్టి పక్కన గోడకు అంటించేది.

"చంద్రుడి పనండీ ఇదంతా," అని ఒకసారి చెప్పింది. "పున్నమి తర్వాత ఆయన లేచిన మూడు గంటలకు మా దగ్గర పోటు వచ్చేస్తుందండి."

బాలనర్సయ్య ఆ మాట దాచుకున్నాడు. గొర్రెలు కాసినవాడికి చంద్రుడు కొత్తవాడేం కాదు.

ఆ ఏడు బతుకమ్మకు ముందే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. తెలంగాణ వచ్చేదాకా గేటు దాటి లోపలికి పోమని పనివాళ్ళంతా ప్రమాణం చేసి, గేటు ముందు టెంటు వేశారు. ముందు వరుసలో బాలనర్సయ్య కూర్చున్నాడు. ఎవరో కూర్చోబెడితే కూర్చోలేదు. తాత దున్నిన పొలం మీద ఇప్పుడొక పద్దెనిమిది అంతస్తుల మేడ ఉంది. దాని కింద కారు ఆపుకోవడానికి చోటుంది గాని, అతను నిలబడటానికి లేదు.

కెజియా తల్లికి కంటి ఆపరేషన్. ఊరికి బయలుదేరుతూ టెంటు దాకా వచ్చి నిలబడింది. సమ్మెలో ఉన్న మనిషిని ఏమని అడుగుతుంది...

"పోయిరా బిడ్డా. ఒక్క పోటు గూడ తప్పనియ్య," అన్నాడు.

అనేశాడు.

ఆమె ఆటో మలుపు తిరిగాక గుర్తొచ్చింది, ఇంకో మాట కూడా ఇచ్చి ఉన్నాడని. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అయితే నల్లగండ్ల వైపు ప్రహరీలో ఒక సందుంది. మేకలు దూరేంత సందు. బాలనర్సయ్య పొట్ట లోపలికి పీల్చుకుని దూరాడు. గేటు దాటలేదు కదా.

పన్నెండు బకెట్లు డ్రమ్ములోకి మోశాడు. కల్లుప్పు కలిపాడు. కుళాయి తిప్పాడు.

నీళ్ళు వచ్చాయి.

వారం తిరక్కుండానే ఎల్లయ్య పసిగట్టాడు. టెంటు నడిపేది అతనే, బాలనర్సయ్యకు వరసకు బావ. పక్కన కూర్చున్న బాలనర్సయ్య లుంగీ అంచున తెల్లగా ఉప్పు మరక చూశాడు.

"ఏంది బావా గిది? సమ్మెల గూసోని పనికి పోతున్నవా?"

"పని గాదు. రిజిస్టర్ల సంతకం పెడ్తలేను. మొక్కలకు నీళ్ళిచ్చి వస్తున్న."

"ఎవల మొక్కలు?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"కాకినాడయి."

ఎల్లయ్య రోడ్డు వైపు తిరిగాడు. మైకులో ఎవరో పాట అందుకున్నారు. బాలనర్సయ్య చుట్టూ చూశాడు. ఈ మనుషులు తనవాళ్ళు. ఈ టెంటు తనది. ఇక్కడినుంచి లెమ్మంటే ఎక్కడికి పోతాడు?

"మన కొట్లాట మొక్కలతోని గాదు," అన్నాడు ఎల్లయ్య చివరికి. లుంగీ మీది మరక వైపు చూసి, "ఉప్పున్నదా, ఒడిసిందా?" అని అడిగాడు.

మర్నాడు టెంటు వంట సామానులోంచి ఒక ఉప్పు సంచి గోడ సందు దగ్గరికి వచ్చి కూర్చుంది. ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు.

దసరా వచ్చింది. టెంటులో అందరూ జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకుని, బంగారమని చెప్పుకుని, కావలించుకున్నారు. బాలనర్సయ్య ఒక రెమ్మ జేబులో దాచాడు.

పున్నమి వచ్చింది. గోడ మీది కాగితం అయిపోయింది.

చివరి వరసలో చివరి పోటు. దాని కింద తెల్లకాగితం. తర్వాతిది ఆఫీసు కంప్యూటర్లోంచి రావాలి, ఆఫీసుకు తాళం. ఇటు రైళ్ళు కూడా ఆగిపోతాయంటున్నారు. కెజియా ఫోన్ చేసింది.

"మొక్కలెలా ఉన్నాయండీ?"

"మంచిగున్నయ్ బిడ్డా. ఫికర్ చెయ్యకు. అమ్మను జర చూసుకో. రైళ్ళు నడిచినంకనే రా."

కాగితం సంగతి చెప్పలేదు. చెబితే ఆ పిల్ల ఏ లారీ అయినా ఎక్కి వచ్చేస్తుంది. ఈ రోజుల్లో, ఈ రోడ్ల మీద.

ఆ సాయంత్రం షెడ్డు బయట రాయి మీద కూర్చున్నాడు. తూర్పుకు తిరిగాడు. గొర్రెలు కాసిన నాటి రాయే అది.

చంద్రుడు వచ్చాడు.

అక్కడినుంచి మూడు గంటలు లెక్కపెట్టాడు. కుళాయి తిప్పాడు. బొగ్గుముక్కతో గోడ మీద వేళ రాశాడు. రెండో పోటు పన్నెండున్నర గంటల తర్వాత. అదీ రాశాడు. మర్నాడు మళ్ళీ చంద్రుడు, మళ్ళీ మూడు గంటలు, మళ్ళీ బొగ్గు. ఆరు రోజులు షెడ్డులోనే గొంగడి పరుచుకున్నాడు. ఒక్క పోటు తప్పలేదు.

ఏడో రోజు మధ్యాహ్నం కెజియా దిగింది, ఎవరి కారులోనో ఆరుగురితో ఇరుక్కుని. చెప్పులు విడవకుండానే షెడ్డులోకి పరుగెత్తింది.

నలభై రెండు. పచ్చగా ఉన్నాయి. కొన్నిటికి కొత్త ఆకులు కూడా.

వంగి ఆ కొత్త ఆకులను ఒక్కొక్కటిగా వేలితో తాకి చూసింది.

తర్వాత సంచిలోంచి మడత కాగితం తీసింది. పున్నమి తర్వాతి వేళలు. "అంటించడం మర్చిపోయి పట్టుకెళ్ళిపోయానండీ..." అంటూనే గోడ మీది బొగ్గు రాతలు చూసింది. కాగితం చూసింది. మళ్ళీ గోడ చూసింది. ముఖంలో వెలుగు తగ్గింది.

"తప్పయిందా బిడ్డా?"

ప్రతి పోటూ నలభై నిమిషాలు ఆలస్యం. కొంచెం అటూ ఇటూగా, ఆరు రోజులూ అంతే.

"చంద్రుణ్ణి ఎక్కణ్ణుంచి చూశారండీ?"

రాయి చూపించాడు. ఆమె ఆ రాయి మీద కూర్చుని తూర్పుకు చూసింది. ఎదురుగా అద్దాల మేడ. పద్దెనిమిది అంతస్తులు.

అప్పుడు నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"మా దగ్గర చంద్రుడు నీళ్ళలోంచి లేస్తాడండి. ఇక్కడ పాపం ఆ మేడంతా ఎక్కి రావాలి కదా."

బాలనర్సయ్య నవ్వలేకపోయాడు. మేడ కట్టిన వాళ్ళు తాత పొలం తీసుకున్నారని తెలుసు. చంద్రుణ్ణి కూడా ఆపుతున్నారని ఇప్పుడే తెలిసింది.

"నా లెక్క కొట్టేయి బిడ్డా. ఆరు రోజులు ఖరాబ్ జేసిన."

గైడు విశ్వేశ్వరరావు గారైతే అదే అంటారు, కొట్టెయ్యమని. కెజియా నోటుపుస్తకం తీసింది. ఆరు రోజుల వేళలూ బొగ్గు రాతల్లో ఉన్నవి ఉన్నట్టే ఎక్కించింది. పక్కన రాసింది: గచ్చిబౌలి పోటు.

ఆయన ఒప్పుకుంటారో లేదో... తెలియదు.

బాలనర్సయ్య జేబులోంచి జమ్మి రెమ్మ తీశాడు. ఎండిపోయి ఉంది. "దసరాకు నువ్వు లేవు. గందుకే దాచిన." ఆమె రెండు చేతులా అందుకుని కళ్ళకు అద్దుకుంది.

"మా రాష్ట్రం మాకొస్తే సముద్రం మీ దిక్కు పోతది," అన్నాడు. "మరి గీ తొట్టి ఎటు పోతది బిడ్డా?"

ఆమె జమ్మి రెమ్మను నోటుపుస్తకంలో ఆ ఆరు రోజుల పేజీలో పెట్టి మూసింది.

కాగితం ప్రకారం పోటు రెండింటికి పది నిమిషాల ముందు. ఆ వేళ అయింది. కెజియా లేచి కుళాయి మీద చెయ్యి వేసింది. గోడ వైపు చూసింది. బాలనర్సయ్య లెక్కలో ఈ పోటు రెండున్నరకు.

చెయ్యి తీసేసింది. వచ్చి గట్టు మీద అతని పక్కన కూర్చుంది.

గేటు వైపునుంచి మైకులో పాట వినిపిస్తోంది. తొట్టిలో బురద మీద ఊపిరి వేర్లు తలలెత్తి నిలబడి ఉన్నాయి.

ఇంకా నలభై నిమిషాలు.

నీళ్ళు వస్తాయి.