జమ్ములమ్మ ఇటుకల ఆట

మీరేం చూశారో చెప్పండి. తల దించుకోకండి, పక్కవాడి మొహం చూడకండి. పొద్దున పాన్‌గల్ నుంచి బస్సులో వచ్చి ఈ ఊళ్ళో దిగారు కదా. దిగగానే సాయన్న మేస్త్రి ఇల్లు ఎదురుగా కనిపించింది కదా. పోయిన ఏడాది వచ్చినప్పుడు ఆ ఇల్లు ఎంత ఎత్తుండె, ఇప్పుడు ఎంత ఎత్తుంది? చూడలేదంటే ఎవరూ నమ్మరు.

ఊళ్ళో అందరూ చూశారు. చూసి, బీడీ ముట్టించుకుని ఎవరి పనికి వాళ్ళు పోయారు. గోడ మీద నుంచి వరుస వెంట వరుస ఇటుకలు మాయమవుతున్నాయని చేనులో కలుపు ఆగుతుందా?

జమ్ములమ్మ ఇంట్లో పొద్దు ఎట్లా మొదలయ్యేదో ముందు అది వినండి. కోడి కూయంగానే మల్లయ్య లేచి పెండ్లాన్ని ఈ పక్క నుంచి ఆ పక్కకు తిప్పేవాడు. నడుం కింద ఆమెకు ఏదీ తెలియదు. ఒకే తీరుగా పడుకుంటే ఒళ్ళు పుండ్లు పడుతుంది. బిడ్డ నవనీత నీళ్ళు కాచి అమ్మ ఒళ్ళు తుడిచి, తల దువ్వి, తొమ్మిదో తరగతి పుస్తకాలు సంచిలో వేసుకునేది. తండ్రీ బిడ్డా కలిసి ఆమెను ఎత్తి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, వాకిట్లోకి తోసేవాళ్ళు. అంతవరకు బరువు మోసే పనే. బరువు ఆ ఇంటికి కొత్త కాదు.

కొత్తది ఆ తర్వాత మొదలయ్యేది. చాయ గ్లాసు చేతికిస్తే ఎందుకిచ్చారో ఆమెకు తోచేది కాదు. బిడ్డను ‘అత్తా’ అని పిలిచేది. నీళ్ళు అడగబోయి ‘సున్నం’ అనేది. మాట ఎత్తుకుని సగంలో వదిలేసి, నెత్తి మీది తట్ట జారిపోయినట్టు దిక్కులు చూసేది.

పుణెలో నాలుగో అంతస్తు కడుతుండగా పరంజా మీద నుంచి పడింది. ఎట్లా పడిందో ఆమెకు గుర్తు లేదు. ఆ సమయానికి మల్లయ్య ఇంకో పక్క సిమెంటు కలుపుతున్నాడు. “కల్లు తాగి ఎక్కింది, కాలు జారింది” అని, వాళ్ళను లారీలో పనికి తీసుకుపోయిన సాయన్న మేస్త్రి ఊరికొచ్చి అందరికీ చెప్పాడు. కాదనడానికి పడినామెకు మాట లేదు.

వనపర్తి దవాఖాన నుంచి హెప్సిబా వారానికోసారి వచ్చేది. నడవలేని వాళ్ళకు వ్యాయామం చేయించడం ఆమె ఉద్యోగం. ఆమె తల్లి కూడా తట్టలు మోసిన మనిషే.

“అక్కా, పడ్డప్పుడు వెన్నుపూసొక్కటే ఇరగలే, తల గూడ అదిరింది” అంది హెప్సిబా. “అందరు నడుమే సూసిండ్రు, తలను ఎవరు పట్టించుకోలే. కాళ్ళు నడుస్తయని నేను అబద్ధం జెప్ప. ఆలోచనను మాత్రం మనం నడిపిద్దాం.”

అని సంచిలోంచి అరచేయంత ఆటబొమ్మ తీసింది. బీచుపల్లి జాతరలో కొన్నది. రెండు సెల్లులు వేస్తే చిన్న అద్దంలో పైనుంచి ఇటుకలు దిగుతాయి. ఒకటి పొడుగుది, ఒకటి వంకరది, ఒకటి చదరంది. మీట నొక్కి తిప్పుకుని, కింద సందు లేకుండా పేర్చాలి. అడ్డంగా ఒక వరుస నిండిందా, ఆ వరుస మాయమవుతుంది. నిండకపోతే పేరుకుంటూ పైదాకా వస్తుంది, ఆట అయిపోతుంది.

జమ్ములమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

“ఇటుకలు మోసి మోసే నడుం ఇరిగె. గిండ్ల గూడ ఇటుకలేనా సిస్టరూ?”

పడ్డ తర్వాత ఆమె నోటి నుంచి తెగకుండా వచ్చిన మొదటి మాట అదే. హెప్సిబా కండ్లల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

“ఇయి మోసేటియి కాదక్కా, పేర్చేటియి. గిక్కడ మేస్త్రివి నువ్వే. పెట్టేముందు ఏ ఇటుకనో, ఎక్కడ పెడతవో నోటితోని జెప్పు. చెప్పినంకనే పెట్టు.”

“పొడుగుది... ఎడమకు. చదరంది... మూలకు.” వాకిట్లో పొద్దంతా ఇదే పాఠం. మొదట్లో ఇటుకలు పైదాకా పేరుకుని ఆట చచ్చిపోయేది. మళ్ళీ మొదలుపెట్టేది. పక్కింటి నాగేంద్రమ్మ మేకను తోలుకుంటూ ఆగి మరీ ఎగతాళి చేసేది.

“ఏందే జమ్ములూ, గది కీచు కీచుమంటది. ఎలుక పిల్లను పట్టినవా?”

“పో అత్తా. చదరంది... కుడికి. నీ మేకకు... ఏం తెలుసు.”

ఒకరోజు మొదటి వరుస నిండి మాయమైంది. అదే గడియలో సాయన్న మేస్త్రి ప్రహరీ మీద నుంచి ఒక వరుస ఇటుకలు పోయాయి. కూలలేదు, పగలలేదు, దుమ్ము లేవలేదు. లేవు, అంతే. పై వరుస మర్యాదగా కిందికి దిగి కూర్చుంది.

నాగేంద్రమ్మ చూసింది. “మంచిగైంది. గోడ ఎక్కి దూకలేక నా మేకకు కాళ్ళు పీకుతుండె” అని పోయింది.

ఆ గోడే ఎందుకంటారా? ఆ ఇంటికి ఇటుకలు మోసింది జమ్ములమ్మ కనుక. పట్నాల్లో కట్టుబడి సీజను ముగిసి లారీ దిగిన ప్రతిసారీ, సొంత ఇంటి తాళమైనా తీయకముందే మేస్త్రి ఇంటి పని చేసిపెట్టాలి. మేస్త్రి కింద పనికి పోయే గుంపులో అది ఆనవాయితీ. కూలి అడిగిన మనిషి లేడు. పునాది రాళ్ళు వేరే ఎవరో మోశారు, అవి కదల్లేదు. ఆమె నెత్తి మీదుగా వచ్చినవే పోతున్నాయి. ఎత్తిన తలకు దించే హక్కుంటుంది. ఇందులో వింత ఏముంది?

దసరా పోయింది. సాయన్న మేస్త్రి వచ్చి మల్లయ్య మంచం మీద కూర్చున్నాడు.

“మల్లిగా, దీపావళి దాటంగనే లారీ వస్తది. జోడి కింద ఒప్పుకున్నోనివి. సగం జోడిని తీస్కపోయి నేనేం జేసుకోవాలె?”

మేస్త్రి ఒంటి మనిషిని పనికి తీసుకోడు. మగవాడు కట్టాలి, ఆడది మోయాలి, అది జోడి. మల్లయ్యకు ఇప్పుడు జోడి లేదు.

“ఆమె జాగల బిడ్డను తోలు. కాళ్ళు చేతులు మంచిగున్నయి.”

“సదువుకుంటున్నది మేస్త్రీ...” మల్లయ్య నేల చూస్తూ అన్నాడు.

“సదువుతే ఇటుక బరువు తగ్గుతదా?”

జమ్ములమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ‘పంపను’ అనాలి. నోట్లోంచి “సున్నం” అని వచ్చింది. మళ్ళీ అనబోయింది. మళ్ళీ సున్నమే.

మేస్త్రి పగలబడి నవ్వాడు. “గిదీ సంగతి. కల్లు తాగి పడ్డదంటే నా మీద ఊరంత గుసగుసలు వెడుతుండ్రు. సరే, గట్ల పడలేదంటే ఎట్ల పడ్డదో పెద్దమనుషుల ముంగట ఆమెనే జెప్పాలె. నాది తప్పని జెప్పిందా, నీ బిడ్డ జోలికి రాను. చెప్పకపోతే మాత్రం నవనీత లారీ ఎక్కాలె.”

ఆ మాట వాడు ఎందుకిచ్చాడో అందరికీ తెలుసు. ఆమె చెప్పలేకపోతుందనే ధైర్యం.

ఆ రోజు నుంచి జమ్ములమ్మ ఆట తీరే మారింది. పండ్లు కొరుకుతూ ఆడింది. నవనీత బడి నుంచి వచ్చి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుంటే, ఆ తలను పక్కకు జరిపి ఆడింది. మేస్త్రి ఇంటి పిట్టగోడ పోయింది. మేడ గదికి చుట్టూ వరుసలు పోయి, కప్పు దిగి దిగి, అందులో మనిషి వంగి నడిచేదాకా వచ్చింది.

ఒక మధ్యాహ్నం పొడుగు ఇటుక నిలువుగా దిగుతుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. అద్దంలో అది పరంజా బొంగు లాగా నిలబడి ఉంది.

“పగిలింది” అంది.

“ఏంది పగిలిందమ్మా? గ్లాసా?” నవనీత అడిగింది.

“బొంగు. నులక తాడుతోని... కట్టిండు. పగిలినదాన్నే.”

మరునాడు సాయన్న ఆమె కుర్చీ వెనక నిలబడి చాలాసేపు ఆట చూశాడు. అద్దంలో ఒక వరుస నిండితే, వెనక్కి తిరిగి తన ఇంటిని చూసుకున్నాడు. ఒక వరుసలో సందు పడితే, అది పోకుండా ఉండిపోవడమూ చూశాడు. వాడి మొహం వెలిగింది.

“సందుంటే వరుస పోదన్నమాట!”

జమ్ములమ్మ తల తిప్పకుండానే, “బొంగు” అంది. వెలిగిన మొహం ఆరిపోయింది.

వాడు ఉరుకులు పరుగుల మీద ఇంటికి పోయి, గుంపును పిలిచి, ఇంటి చుట్టూ ప్రతి వరుసలోనూ ఒక్కో ఇటుక కొట్టి తీయమన్నాడు. పెద్ద సుత్తె మల్లయ్య చేతికే ఇచ్చాడు. “కొట్టు, తొందరగ కొట్టు!” అని వెంటబడ్డాడు. మేస్త్రి మాట మల్లయ్య అంత ఇష్టంగా ఎప్పుడూ వినలేదు. పొద్దుగూకేసరికి ఒళ్ళంతా ఎర్ర దుమ్ముతో ఇంటికొచ్చి, జమ్ములమ్మ పడ్డ తర్వాత మొదటిసారి నవ్వాడు.

నిజమే, వరుసలు పోవడం ఆగింది. ఇల్లు మిగిలింది. కానీ జల్లెడ లాగా మిగిలింది. ఆ ఇంట్లో దగ్గితే వీధికి వినిపిస్తుంది. మూడో పూట కాకముందే మేస్త్రి పెండ్లాం అలివేలమ్మ గొంతు నల్లా కాడికి వచ్చింది. బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళంతా నల్లా కట్టేసి మరీ విన్నారు.

“ఇల్లంత తూట్లు జేసినవ్! ఎవరి ఉసురో గాదు, గా జమ్ములమ్మ ఉసురే! బొంగు పగిలిందని తెలిసి ఎక్కిచ్చినవ్. నువ్వే నాతోని జెప్పినవ్, ఇయ్యాల గడిస్తే రేపు కొత్తది తెద్దామనుకుంటినని!”

“మెల్లగ మాట్లాడే!”

“ఏడికెళ్ళి మెల్లగ? గోడలున్నయా నీ ఇంటికి?”

పెద్దమనుషులు పంచాయతీ ఆఫీసు ముందర కూర్చున్నారు. నవనీత కుర్చీ తోసుకొచ్చింది. మేస్త్రి ఉతికిన తెల్ల అంగీ వేసుకొచ్చాడు. “మతి లేనిదాన్ని పట్టుకొచ్చి...” అని మొదలుపెట్టాడు.

జమ్ములమ్మ చెయ్యెత్తి ఆపింది. ఆటబొమ్మ ఇంట్లోనే ఉంది. ఆమె బొటనవేళ్ళు మాత్రం ఒళ్ళో కదులుతున్నాయి. పైనుంచి మాట దిగినట్టూ, దాన్ని తిప్పి చూసుకున్నట్టూ, సందు దొరికాక పెట్టినట్టూ మాట్లాడింది.

“బొంగు పగిలింది. నేను సూసిన. మేస్త్రికి జెప్పిన. ఎక్కకపోతే జోడిని ఎల్లగొడుతనన్నడు. ఎక్కిన. కల్లు తాగలే.” ఊపిరి తీసుకుంది. “నా బిడ్డ రాదు.”

ఒక్క సున్నం లేదు అందులో.

“ఎవరు సూసిండ్రు?” మేస్త్రి లేచి నిలబడ్డాడు. “సూసినోళ్ళుంటే రమ్మనుండ్రి!”

“సూసినోళ్ళు పుణెల ఉన్నరు” నాగేంద్రమ్మ కొంగు బిగించి ముందుకొచ్చింది. “ఇన్నోళ్ళం గిక్కడున్నం. నల్లా కాడున్న బిందెలన్ని సాక్ష్యం.”

పెద్దమనిషి అలివేలమ్మను అడిగాడు. ఆమె మొగుడి వైపు చూడలేదు. “ఊరంత ఇన్నంక నేను దాస్తే దాగుతదా పటేలా?”

మల్లయ్య తల ఎత్తాడు. “పిల్లా రాదు, నేనూ రాను” అన్నాడు. “ఇచ్చిన మాట బొంగుతోనే ఇరిగింది.”

దీపావళి దాటాక లారీ వచ్చింది. కడుపు కదా, కొన్ని జోడీలు ఎక్కాయి. వాళ్ళను తప్పుపట్టే నోరు ఈ ఊళ్ళో లేదు. కానీ ఎక్కేముందు ప్రతి ఆడదీ మేస్త్రి మొహం మీదే అడిగింది, “బొంగులు కొత్తయేనా?” అని. వాడు జవాబు చెప్పేదాకా లారీ కదల్లేదు. మల్లయ్య ఎత్తిపోతల కాలువ పనికి పోయాడు. ఎండాకాలం సెలవులు దాటాక నవనీత పదో తరగతికి పోయింది. జమ్ములమ్మ కాళ్ళు కదల్లేదు, కదులుతాయని ఎవరూ అనలేదు. చాయ గ్లాసు చేతికిస్తే, “చక్కెర తక్కువైంది” అంటోంది.

హెప్సిబా ఊరుకునే రకం కాదు. జాతరల్లో, అంగళ్ళలో వెతికి ఇంకొన్ని ఆటబొమ్మలు కొంది. తెలకపల్లిలో మిద్దె మీద నుంచి పడ్డ ఒకామెకు ఒకటి ఇచ్చింది. గద్వాల పక్క పల్లెలో లిఫ్టు గుంతలో పడ్డ ఒకతనికి ఒకటి ఇచ్చింది. వాళ్ళిద్దరూ ఇప్పుడు వాకిట్లో కూర్చుని, “పొడుగుది ఎడమకు, చదరంది మూలకు” అంటూ బాగానే పేరుస్తున్నారు. వాళ్ళు మోసినవి ఏ పల్లెటూరి మేస్త్రి ఇంటి ఇటుకలో కాదు. బెంగుళూరు మేడలవి, బొంబాయివి, హైదరాబాదువి.

మీరుండే ఇంటికి ఇటుకలు ఎవరు మోశారు?