దొర గడ్డం

ఎయిర్‌డేల్ టెర్రియర్ అనే జాతి కుక్క ఎలా ఉంటుందో త్రినాథరావుకు ముందుగా ఎవరూ చెప్పలేదు. పోర్టులో అతని పై ఆఫీసరు చెన్నైకి బదిలీ అయిపోతూ, "మంచి కుక్కోయ్, ఇంట్లో మనిషిలా ఉంటుంది" అని తాడు చేతికిచ్చి వెళ్ళిపోయాడు. మనిషిలా ఉంటుందన్న మాట నిజమే. ఏ మనిషిలాగో మాత్రం ఆయన చెప్పలేదు. అది ఇంటి పెద్దలా ఉండేది. పిలిస్తే వచ్చేది కాదు. పిలిచింది విని, కాసేపు ఆలోచించుకుని, పని ఉందనిపిస్తే వచ్చేది.

ఒళ్ళంతా కొబ్బరిపీచు లాంటి బొచ్చు, వీపున నలుపు, కాళ్ళూ తలా బెల్లం రంగు, పొడుగాటి మొహం, దాని కింద మీసం, గడ్డం. మధురవాడలో వాళ్ళ అపార్టుమెంట్ లిఫ్టులోకి ఎక్కించినప్పుడల్లా ఎవరో ఒకరు మేకా కుక్కా అని అడిగేవారు. త్రినాథరావు తల్లి రామలక్ష్మమ్మ అయితే చూసిన మొదటి రోజే, "ఏటిరా ఇది, మీసం గెడ్డం ఎట్టుకోని దొరలాగున్నాది" అంది. ఆఫీసరు పెట్టిన పేరేదో ఉండేది, అది ఆ రోజుతో పోయింది. అందరికీ దొరే.

దొర బొచ్చు కత్తిరించకూడదట, వేళ్ళతో పీకాలట. కత్తిరిస్తే మెత్తబడి రంగు పోతుందట. ఊళ్ళో కుక్కలకు క్షవరం చేసేవాళ్ళు ఈ పీకుడు మావల్ల కాదని దండం పెట్టారు. అందుకని సెలవు రోజుల్లో త్రినాథరావు బాల్కనీలో పీట వేసుకుని, దొరను ముందు నిలబెట్టుకుని, ముదిరిన వెంట్రుకలు కొంచెం కొంచెంగా లాగేవాడు. "ఏటి బావా, కోడిని పీకుతన్నావా" అని ఎదురు బాల్కనీలోంచి వెక్కిరింపులు. దొరకు అదేమీ పట్టేది కాదు. నొప్పి లేదు సరికదా, తైలం రాయించుకుంటున్న ముసలాయనలా కళ్ళు అరమూసుకునేది. క్రేన్ల చప్పుడు మధ్య వారమంతా అరిచి అరిచి వచ్చిన త్రినాథరావుకు అంతకు మించిన సుఖం లేదు.

రుషికొండ తీసుకెళ్తే సముద్రంతో తగువు పెట్టుకునేది. వచ్చే ప్రతి అలనూ ఎదురెళ్ళి గదిమేది. అల వెనక్కి పోగానే తనే తరిమినట్టు తోక ఎత్తి చుట్టూ చూసేది. ఇంట్లో మాత్రం చెప్పనలవి కాని అల్లరి. త్రినాథరావు భార్య కుసుమకుమారి కాలేజీలో పాఠాలు చెప్తుంది. ఆవిడ ప్రాణంగా పెంచుకున్న కరివేపాకు కుండీని దొర మూడుసార్లు తవ్వి పోసింది. మేజోళ్ళు దాచేది. ఫ్రిజ్ తలుపు తీయడం నేర్చుకుంది. ఆవిడ తిట్టాల్సినంత తిట్టి, పేపర్లు దిద్దుకోడానికి కూర్చుంటే, వచ్చి ఆ పేపర్ల మీదే తల ఆనించేది. ఇంక ఆవిడ ఏం తిడుతుంది?

అన్నిటికన్నా పెద్ద బాధ ఆ గడ్డం. నీళ్ళు తాగితే సగం కడుపులోకి, సగం గడ్డంలోకి. తాగి తలెత్తి ఇల్లంతా తిరిగితే నున్నటి టైల్స్ మీద నీటి చారలు. "ఎవరో ఒకరు కాలు జారి పడతారు, అప్పుడు తెలుస్తుంది మీకు" అనేది కుసుమకుమారి. రామలక్ష్మమ్మ అసలు కుక్క ఇంట్లో ఉండడమే ఒప్పుకోలేదు. "దాన్ని నా మంచం కాడికి రానీకండి" అనేది. ఆవిడ గది తలుపు వెనక మేకుకు పాత చీర పేలిక ఒకటి వేలాడుతుండేది. మోకాళ్ళకు కాపడం పెట్టుకోడానికి కాబోలని ఎవరూ అడగలేదు.

ఇదిలా ఉండగా హాల్లో ఏసీ కారడం మొదలైంది. నీళ్ళు బయటికి పోయే పైపు మూసుకుపోయింది. వైజాగ్ ఉక్కలో ఏసీ ఆపి బతకలేరు. మెకానిక్కును పిలవండి అని కుసుమకుమారి రెండు నెలలు పోరింది. పోరు పడలేక ఒకరోజు త్రినాథరావు "బాగు చేసేశానులే" అనేశాడు. చెయ్యలేదు. ఆవిడ ఇంట్లో లేనప్పుడో, పడుకున్నప్పుడో ఏసీ వేసుకుని కింద బకెట్టు పెట్టేవాడు. ఆవిడ వచ్చేలోగా తీసేసేవాడు. ఆవిడ ఉన్నప్పుడు కరెంటు బిల్లు వంక పెట్టి హాల్లో ఏసీ వెయ్యనిచ్చేవాడు కాదు. అంత తెలివి పైపు మీద పెడితే ఆ పని ఎప్పుడో అయిపోయేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసుతో కడుపునిండా తిని, కుసుమకుమారి గదిలో పడుకున్నాక, త్రినాథరావు హాల్లో ఏసీ వేసుకుని, బకెట్టు పెట్టుకుని, సోఫాలో నిద్రపోయాడు. తల్లి కేకకు మెలకువ వచ్చింది. బకెట్టు నిండి పొర్లి నీళ్ళు హాలు సగం దాకా పారి ఉన్నాయి. టీ పెట్టుకోడానికని లేచి వచ్చిన రామలక్ష్మమ్మ ఆ నీళ్ళలో పడి ఉంది. కుడి చెయ్యి ఒంటి కింద నలిగింది. దొర అప్పటికే అక్కడుంది. నీళ్ళలో మూతి పెట్టి, ఆవిడ మొహం నాకుతూ కుయ్ కుయ్‌మంటోంది.

కుసుమకుమారి పరిగెత్తుకొచ్చింది. నీళ్ళు చూసింది, కారుతున్న గడ్డం చూసింది. "నేను చెప్తూనే ఉన్నాను. ఈ గడ్డంతో ఏదో ఒకరోజు ఇలాగే అవుతుందని చెప్తూనే ఉన్నాను" అంటూ అత్తగారిని లేవదీయడానికి వంగింది. అలా వంగినప్పుడు త్రినాథరావు కాలితో బకెట్టును తెర వెనక్కి, అక్కణ్ణుంచి బాల్కనీలోకి తోసేశాడు. తల్లి నేల మీద ఉండగా అతను ముందు చేసిన పని అది.

ఆస్పత్రిలో మణికట్టు విరిగిందన్నారు. ఎలా పడ్డారని డాక్టరు అడిగితే, "కుక్క నీళ్ళు కార్చింది సార్" అని చెప్పింది త్రినాథరావే. ఎవరూ అతని గొంతు మీద కత్తి పెట్టలేదు. మర్నాడు పోర్టులో అడిగినవాళ్ళకు కుక్క ఇల్లంతా తడిపేసిందని చెప్పాడు. సాయంత్రం దేవీప్రసాద్ చూడడానికి వచ్చేసరికి, త్రినాథరావు మాటల్లో ఆ కుక్క పరిగెత్తుకొచ్చి ఆవిడను గుద్దేసింది కూడా. అబద్ధం ఒకసారి ఆడితే దాన్ని బతికించడానికి రోజూ మేత వెయ్యాలి, అతను వేస్తున్నాడు.

దేవీప్రసాద్ అతని అక్క మొగుడు, మేనమామ కొడుకు కూడా. అచ్యుతాపురంలో ఇనుప గేట్లు, షట్టర్లు చేసే షెడ్డు ఉంది.

"అపార్టుమెంట్లో ఇలాటి కుక్కేటి బావా" అన్నాడు టీ తాగుతూ. "నాకిచ్చీ. సరుకు పోతన్నాది షెడ్డులో. గేటు కాడ గొలుసేసి కట్టేత్తాను. దీని మొకం సూత్తేనే దొంగోడు పారిపోతాడు."

త్రినాథరావు భార్య వైపు చూశాడు, ఆవిడ వద్దంటుందేమోనని. కుసుమకుమారి కళ్ళు తుడుచుకుంది.

"నాకు మాత్రం ఇష్టమా? కానీ అత్తయ్య ఇంకోసారి పడితే లేవలేరు. తీసుకెళ్ళండి అన్నయ్యా, వచ్చే ఆదివారం."

సముద్రాన్ని తరిమే కుక్క ఇనుప పొడిలో, ఎండలో, గొలుసు పొడుగంత చోటులో బతకాలి. త్రినాథరావుకు ఆ షెడ్డు తెలుసు. ఒక్కమాట చెప్తే ఆగిపోయేది. నోరు తెరిచి, "నీ వీలు చూసుకో బావా" అన్నాడు.

ఆ వారం దొరను బాల్కనీలోనే ఉంచారు. మొదట తలుపు గోకింది. తర్వాత గోకడం మానేసి, అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూస్తూ కూర్చుంది. ఎవరు హాల్లోకి వచ్చినా తోక ఊపేది. త్రినాథరావు వస్తే మరీ గట్టిగా ఊపేది. అతనికి అదే భరించలేనంత కష్టమైంది. కరిచినా బాగుండు, మొహం తిప్పుకున్నా బాగుండు అనుకున్నాడు. భార్య కాలేజీకి వెళ్ళిన పూట స్టూలెక్కి సైకిల్ పంపుతో ఏసీ పైపులోకి గాలి కొట్టాడు. ముద్దగా నాచు ఊడిపడింది. ఐదు నిమిషాల పని. స్టూలు మీద ఉండగానే ఏడుపొచ్చింది అతనికి. దొర అద్దం అవతల నుంచి తల పక్కకి వాల్చి చూస్తోంది.

రామలక్ష్మమ్మ కుడిచేతికి కట్టు. మధ్యాహ్నం షిఫ్టు ఉన్న రోజుల్లో పొద్దున్న కొడుకే ఆవిడకు అన్నం తినిపించేవాడు. పప్పన్నం కలిపి ముద్ద పెడుతుంటే ఒకరోజు ఆవిడ అడిగింది.

"ఆ రోజు అన్ని నీల్లు ఎక్కడివిరా తినాదా?"

ముద్ద పట్టుకున్న చెయ్యి ఆగింది.

"దొరవే కదమ్మా. తాగినాక కారుత్తాయి కదా."

"అన్ని నీల్లా?"

"ఆఁ."

ఆవిడ మిగిలిన అన్నం తినేసింది. ఆ పూట త్రినాథరావు తను తినలేకపోయాడు. షిఫ్టులో ఉన్నంతసేపూ ఇంటికెళ్ళగానే చెప్పేద్దాం అనుకున్నాడు. ఇంటికొచ్చాక, మర్నాడు చెప్దాం అనుకున్నాడు. భార్య ఏమంటుంది, బావ ఎంత నవ్వుతాడు, డాక్టరు దాకా వెళ్ళిన అబద్ధం కదా. ఇలా లెక్కలేసుకుంటుండగానే ఆదివారం వచ్చింది.

దేవీప్రసాద్ సరుకు వేసే వ్యాను తెచ్చి గేటు ముందు ఆపాడు. వెనక తలుపు తెరవగానే దొర పిలవకుండానే ఎగిరి ఎక్కి కూర్చుంది. బండి అంటే దానికి రుషికొండే. నాలిక బయట పెట్టి, ఇంకా ఎక్కరేం అన్నట్టు త్రినాథరావు వైపు చూసింది. కుసుమకుమారి దాని పళ్ళెం, మేజోడు ఒకటి సంచిలో వేసి ఇచ్చింది.

అప్పుడు లిఫ్టులోంచి రామలక్ష్మమ్మ దిగి వచ్చింది. కట్టు చెయ్యి గుండెకు ఆనించుకుని, ఎడమచేత్తో చీర పేలిక పట్టుకుని మెల్లగా నడిచి వ్యాను దగ్గరికి వెళ్ళింది. ఆవిణ్ణి చూసి దొర లేచి నిలబడింది. దగ్గరికి వచ్చి, ఎవరూ ఏమీ అనకుండానే, గడ్డం పైకెత్తి పెట్టింది.

"ఇది కూడా అట్టుకెల్లు నాయినా" అంది మేనల్లుడితో. "నీల్లు తాగినాక గెడ్డం తుడవాల. మీరందరూ పనుల్లోకి పోనాక రోజూ నానే తుడిసీదాన్ని. తాగీసి నా మంచం కాడికొచ్చి ఇలా ఎట్టీది."

కుసుమకుమారి తెల్లబోయి చూసింది. రామలక్ష్మమ్మ కొడుకు వైపు చూడలేదు. పేలిక మడత పెడుతూ చెప్పింది.

"ఆ ఆదివారం కూడా తుడిసీసే లేసినాను. దాని గెడ్డంలో ఒక్క సుక్క నేదు."

నేనే చెప్పబోతున్నాను, అమ్మ ముందు అనేసింది అని త్రినాథరావు తర్వాత చాలాసార్లు భార్యతో అన్నాడు. అది నిజమో కాదో అతనికే తెలీదు.

"ఏసీ నీల్లు బావా అవి" అన్నాడు నేల చూస్తూ. "నాను బకెట్టెట్టుకోని పడుకుండిపోనాను. దొర కాదు. గుద్దనూ నేదు, ఏటీ నేదు."

"పైపు బాగు చేశానన్నారు కదా" అంది కుసుమకుమారి. తిట్టి ఉంటే కొంచెం తేలికపడేవాడు.

దేవీప్రసాద్ తల గోక్కున్నాడు. "మరి ముందే సెప్పీకపోనావా అత్తా."

"నాను సెప్పడమేటి? ఆడున్నాడు కదా సెప్పడానికి. వారమంతా సూసినాను." అప్పుడు కొడుకు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "నాను పడ్డందుకు నాకేటి బాద నేదురా. ఎముక అతుక్కుంటాది. నోరు నేనిదాని మీద తోసీసి, అదే సేత్తో నాకు అన్నం ఎట్టినావు."

దొర మాత్రం వ్యాను దిగనంది. సముద్రం చూడందే దిగేది లేదని నాలుగు కాళ్ళూ పాతుకుని కూర్చుంది. త్రినాథరావు బతిమాలాడు, లాగాడు, తనే ఎక్కి పక్కన కూర్చున్నాడు. చివరికి దేవీప్రసాదే, "పదండి, ఎలాగూ డీజిల్ కొట్టించేసినాను" అని రుషికొండ దాకా తిప్పి తీసుకొచ్చాడు. దారంతా అది త్రినాథరావు ఒళ్ళో తల పెట్టుకునే ఉంది.

ఇంటికొచ్చాక దొర పళ్ళెంలో మొహం దూర్చి నీళ్ళు తాగింది. తాగి, హాలంతా చారలు చేసుకుంటూ రామలక్ష్మమ్మ కుర్చీ దగ్గరికి వెళ్ళి గడ్డం ఎత్తింది. ఆవిడ తన కట్టు చెయ్యి చూసుకుని, పేలిక తీసి కొడుక్కి అందించింది.

"తుడు" అంది.

త్రినాథరావు మోకాళ్ళ మీద కూర్చుని తుడిచాడు. దొరకు ఏమీ తెలీదు. గడ్డం అతని అరచేతుల్లో పెట్టేసి హాయిగా కళ్ళు మూసుకుంది. చారలన్నీ ఆరిపోయాక కూడా అతను తల వంచుకుని తుడుస్తూనే ఉన్నాడు, తలెత్తితే తల్లి మొహం చూడాల్సి వస్తుందని.