చుక్కల చాటు తాళం

'పాస్‌వర్డ్ తప్పు' అని తెర మీద మళ్ళీ ఎర్రగా మెరిసింది. బరంపురంలో సోమేశ్వరరావు పప్పుల కొట్టు గుమస్తా మసేను నుదురు కొట్టుకున్నాడు. తెర ఎదుట కుర్చీలో షావుకారు కొడుకు కిరణ్. వీధిలో అస్కా వెళ్ళాల్సిన లారీ హారన్ కొడుతూనే ఉంది. సర్కారు సైటులో సరుకుకి వే బిల్లు తీస్తే గానీ అది కదలదు. ఆ సైటు పాస్‌వర్డ్ చూస్తే ఈ దిక్కుమాలిన యాప్ లోపల ఉంది.

యాప్ తెచ్చింది కిరణే. కొట్టు పాస్‌వర్డులన్నీ దాన్లో దాచి, పైన ఒక్క పెద్ద పాస్‌వర్డ్ పెట్టమన్నాడు. మసేను పడ్డ తంటాలు పగవాడికి కూడా వద్దు. అది సొంతంగా పుట్టించే పాస్‌వర్డులు నోట్లో గులకరాళ్ళు పోసుకుని తిట్టినట్టుండేవి. కాపీ చేసి పక్క పేజీలో అతికించేలోపే తాళం పడిపోయేది. పోనీ కొట్టిన అక్షరమైనా చూపిస్తుందా అంటే, చుక్కలు. అన్నీ నల్లచుక్కలే.

ఇప్పుడేమో మసేను చెబుతుంటే, కిరణ్ కొడితే తెరుచుకోదు. అదే మసేను కూర్చుని కొడితే ఠక్కున తెరుచుకుంటుంది.

"నిజం సెప్పు మామా. నువ్వు లేకపోతే కొట్టు నడవకూడదని దాస్తన్నావా?" అన్నాడు కిరణ్.

మసేనుకి ఒళ్ళు మండిపోయింది. పప్పుదుమ్ము పట్టిన కనుబొమలు, బస్తాలు లెక్కపెట్టీ పెట్టీ వంగిన మెడ, వేళ్ళ సందుల్లో కందిపొట్టు. ఆ మనిషికి ఈ బజార్లో ఉన్న ఆస్తల్లా మంచిపేరే. అదీ ఇవాళ పోయేలా ఉంది.

"కొట్టు తాళాలు మొలకి కట్టుకుని ముసిలోణ్ణయినాను. దాసీవోణ్ణా బాబూ?"

గద్దె మీంచి సోమేశ్వరరావు లేచి వచ్చాడు. "నువ్వు కొట్టు మసేనూ. మెల్లగా. నాను సూత్తాను."

మసేను కూర్చుని కళ్ళజోడు సర్దుకున్నాడు. వేళ్ళు కదిలాయి.

"ఆగు. ముందుగాల ఏటి కొట్టినావు?"

"ఎస్, ఆర్, ఐ. శ్రీ బాబూ."

"మరి వాడికి సెప్పవేటి?"

మసేను తెల్లబోయాడు. "అది పాస్‌వర్డ్ కాదు కదా. ఏ కాయితం ముట్టినా ముందు శ్రీ ఎట్టే కదా మొదలెడతాం. అదీ సెప్పాలేటి?"

చుక్కల చాటున ఆ శ్రీకారం ఎవరికి కనబడుతుంది? కిరణ్ నవ్వాపుకోలేక, "తప్పైపోయింది మామా" అని చెయ్యి పట్టుకున్నాడు. మసేనుకి ప్రాణం లేచొచ్చింది. వే బిల్లు వచ్చింది, లారీ కదిలింది.

కిరణ్ అక్కడే కూర్చుని పెద్ద పాస్‌వర్డ్ మార్చేసి, తన ఫోనుకి వేలిముద్ర పెట్టుకున్నాడు. "ఇంక అన్నీ నా సేతిలోనే. ఎన్నాళ్ళని కష్టపడతావు మామా, రేపట్నుంచి ఇంటికాడ సుకంగా ఉండు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. సోమేశ్వరరావు గుప్పెడు పెసలు తీసుకుని వాటికేసే చూస్తూ నిలబడ్డాడు.

పేరు నిలబెట్టుకోవాలన్న కంగారులో తన కుర్చీని తన చేత్తోనే ఇచ్చేశాడని మసేనుకి అప్పుడు తెలిసింది. "అలాగే బాబూ" అని చెప్పులేసుకున్నాడు.

బస్టాండులో బస్సుల బోర్డులన్నీ అలుక్కుపోయి కనిపించాయి. ముఖం తడుముకున్నాడు. వెనక్కి వెళ్ళి తెచ్చుకోవచ్చు, కొట్టు ఎంతో దూరం లేదు. వెళ్ళబుద్ధి కాలేదు. పక్కనున్న వాణ్ణి "రంభ ఊరెళ్ళే బస్సేది నాయనా?" అని అడిగి ఎక్కేశాడు.

కొట్టులో కీబోర్డు పక్కన, ఒక కాడకి పురికొస చుట్టిన కళ్ళజోడు మడవకుండానే ఉంది.