కూజా బొమ్మ ఆపడానికి కారణం

అచ్చుకు వెళ్లే ప్రతి బొమ్మా ముందు కత్తెరగారి బల్ల మీదికి రావాలి. అది సర్కారు పెట్టిన రూలు. పత్రికాఫీసులో కిటికీ లేని గదొకటి చూపించి, ఎర్ర పెన్సిలు చేతికిచ్చి, పద్దెనిమిదేళ్లుగా ఆయన్ని అక్కడే కూర్చోబెట్టారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఆయనకైనా గుర్తుందో లేదో, అందరికీ మాత్రం కత్తెరగారే. చెడ్డవాడా అంటే కాదు పాపం, ఒట్టి భయస్తుడు. ఆయనకు ముందు ఆ కుర్చీలో ఉన్నాయన ఒక గాడిద బొమ్మను చూసీచూడనట్టు వదిలేశాడు. వారం తిరక్కుండా ఉద్యోగమూ పోయింది, సర్కారిచ్చిన ఇల్లూ పోయింది. ఆ మనిషి ఏమయ్యాడో ఇప్పటికీ ఎవరూ అడగరు.

ఆ మధ్యాహ్నం బొమ్మల మాస్టారు గీసుకొచ్చింది ఒక కూజా. దాని ముందు జనం ఖాళీ గ్లాసులతో బారులు తీరారు. కూజాకు కుళాయి ఉంది, చుక్క రాలదు. బొమ్మంతా అంతే. కానీ ఆ పొడుగాటి మెడ చూసేసరికి కత్తెరగారి గుండె గుభేలుమంది. పక్కకు ఒరిగిన ఆ మూత! ఇంకెవరు, సాక్షాత్తూ అధినేతగారే, నెత్తిన టోపీతో సహా!

"మాస్టారూ, ఆ మెడ కాస్త పొట్టి చేద్దురూ," అన్నాడు.

"కూజా మెడ పొడుగ్గా కాక ఇంకెలా ఉంటుంది నాయనా?"

"పోనీ, మూత తిన్నగా పెట్టండి."

"ఎందుకూ? ఎవరిలాగైనా ఉందా? ఎవరో చెప్పు, ఇప్పుడే దిద్దేస్తా," అంటూ ముసలాయన ఏమీ ఎరగనట్టు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

చెబితే ఇంకేముంది! బొమ్మను వదిలితే రేపు పొద్దున పైవాళ్లు పోల్చుకుంటారు. ఆపితే రిజిస్టరులో కారణం రాసి తీరాలి. ఏమని రాస్తాడు? ఈ కూజా అచ్చం అధినేతలా ఉందనా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అప్పుడా మాట అన్నది మాస్టారు కాదు, తనే అవుతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బొమ్మ చంకన పెట్టుకుని, వీధికి అవతలున్న తన సర్కారు ఆఫీసుకు, డైరెక్టరు దగ్గరికి పరుగెత్తాడు.

డైరెక్టరు బొమ్మను దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. మొహంలో రంగు మారింది. "నాకు కూజాయే కనపడుతోందయ్యా. నీకేం కనపడుతోంది?"

"పెద్దవారు, మీరే చెప్పాలి సార్."

"నన్ను ఇరికించకు. నువ్వూ నోటితో అనకు, గోడలకు చెవులుంటాయి. ఎక్కడెక్కడ తప్పుందో గీసి చూపించు."

కత్తెరగారు జేబులోంచి పెన్సిలు తీసి మెడ మీద ఒక గీత పెట్టాడు. "ఇక్కడ సార్." మూత అంచు కాస్త దిద్దాడు. "కనుబొమలే ఉంటే ఇక్కడుండేవి సార్." ఎక్కడుండేవో చెప్పాలంటే గీయాలిగా, గీశాడు. కళ్లొచ్చాయి. నీళ్ల ట్యాంకరు దగ్గర రోజూ బకెట్లు మోసి భార్య తెచ్చుకున్న నడుంనొప్పి గుర్తొచ్చి, పెదవికో విరుపు పెట్టాడు. గాడిద బొమ్మ వదిలినాయన గుర్తొచ్చాడు. ఇక చెయ్యి ఆగలేదు. పద్దెనిమిదేళ్లుగా ఎదుటివాళ్ల గీతలు కొట్టేసిన చెయ్యి అది! ఇంత కోపం తనలో ఉందని ఆయనకే తెలీదు. ఇంత సంతోషం ఉందనీ తెలీదు.

డైరెక్టరు ఫక్కున నవ్వాడు. పొట్ట పట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వాడు. నవ్వినవాడు ఠక్కున ఆగి తలుపు వైపు చూశాడు.

"మాస్టారు గీసింది కూజా. ఇది మాత్రం నువ్వు గీసింది," అన్నాడు గొంతు తగ్గించి. "చించెయ్. నువ్వు గీయలేదు, నేను చూడలేదు. మాస్టారి చేత ఏ పిల్లి బొమ్మో గీయిద్దాం. తనిఖీకి పైనుంచి మనిషొచ్చే వేళయింది, తొందరగా కానియ్."

మెట్ల మీద బూట్ల చప్పుడు వినపడింది. కత్తెరగారు కాగితాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఇలాంటివి ఎన్ని వందలు చించలేదు గనక! ఉద్యోగం, ఇల్లు, భార్యాపిల్లల కూడు, అన్నీ ఒక్క చింపుతో దక్కుతాయి. కూజాలోంచి అధినేత గుర్రుగా చూస్తున్నాడు. బాగా వచ్చాడు. నిజంగా బాగా వచ్చాడు. వేళ్లు కదల్లేదు.

"చించవయ్యా బాబూ, నీకు దణ్ణం పెడతా!" డైరెక్టరు నిజంగానే చేతులు జోడించాడు. బూట్లు గుమ్మం దాకా వచ్చేశాయి.

కత్తెరగారు కాగితాన్ని మళ్లీ బల్ల మీద పరుచుకున్నాడు.

"ఒక్క నిమిషం సార్," అన్నాడు. "ఎడమ చెవి మిగిలిపోయింది."