ఏకాదశి ఉప్పు

సూర్యప్రకాశం గారు ఉప్పు మానేశారు. దానవాయిపేటలో ఈ సంగతి తెలియని గడప లేదు. పౌరోహిత్యానికి వెళ్లిన ప్రతి ఇంటా విస్తరి ముందు కూర్చుని, "బీపీ అండి, నాకు ఉప్పు నిషిద్ధం" అని ప్రకటించి, ఉత్తరీయం చెంగున ముడివేసుకున్న సైంధవ లవణం విప్పి పప్పులో చల్లుకునేవారు. ఏకాదశి ఉపవాసానికి పనికొచ్చేది ఉప్పెలా అవుతుందని ఆయన వాదం.

ఆయన భార్య నాగేశ్వరి కెమిస్ట్రీ బీయస్సీ. ఉప్పూ సైంధవమూ రెండూ ఒకటేనని మొదటిరోజే చెప్పింది.

"నాకు ఉపవాసాలు నేర్పుతున్నావా?" అన్నారాయన.

మాత్రలు మారుస్తున్నా బీపీ దిగలేదు. రక్తం మద్రాసు పంపించి పరీక్ష చేయించిన డాక్టరు, రిపోర్టు చూసి బుర్ర గోక్కున్నాడు.

"ఉప్పు తగ్గితే కిడ్నీలు కంగారుపడాలండి. రెనిన్ అనే హార్మోను వదిలి, ఉన్న ఉప్పును ఒంట్లో పట్టి ఉంచాలి. మీ కిడ్నీలకు ఆ కంగారే లేదు, రెనిన్ మరీ తక్కువగా ఉంది. వాటిపైనున్న గ్రంథిలో కణితి పుట్టి, అదే ఉప్పును పట్టి ఉంచుతోందేమోనని అనుమానం."

"రోజూ సైంధవం వేసుకుంటారండీ," అంది నాగేశ్వరి.

డాక్టరు కలం కింద పెట్టాడు. "అదీ ఉప్పేనండి పంతులుగారూ! కిడ్నీలకు ఏకాదశేం తెలుసు? అది కూడా మానేసి, కొన్నాళ్లాగి మళ్లీ రక్తమివ్వండి. కాదంటే విశాఖపట్నంలో స్కాన్. ఆలోచించుకోండి, కిడ్నీలు ఇప్పటికే దెబ్బతింటున్నాయి."

"స్కాన్‌కే రాయండి," అన్నారు సూర్యప్రకాశం గారు, తడుముకోకుండా.

ఆటోలో నాగేశ్వరి ఉండబట్టలేకపోయింది. "ఎందుకండీ ఈ మొండితనం?"

"కణితైతే నా ప్రారబ్ధం, అందులో నా తప్పేముంది? ఉప్పు తింటూ తినడం లేదని ఇంటింటా చెప్పుకు తిరిగానని తేలితే, రేపు ఇంకో పంతులుని పిలుచుకోరూ? పైగా ఇన్నేళ్ల ఏకాదశులు ఏమైపోవాలే?"

 

ఇంటికి రాగానే నాగేశ్వరి సైంధవం డబ్బా తీసి తూములో బోర్లించింది. ఆయన చూశారు. కసురుకుంటే బాగుండేది, తనూ చక్కగా నాలుగు మాటలనేది. ఆయన మాత్రం నెమ్మదిగా ఉత్తరీయం సర్దుకుని, మళ్లీ చెప్పులు తొడుక్కున్నారు.

"ఎక్కడికండీ? అన్నం వడ్డిస్తున్నా."

"వడ్డించు. పచారీ కొట్టుదాకా వెళ్లొస్తా."

చెప్పుల పట్టీలు వాచిన పాదాల్లోకి దిగబడుతున్నాయి. వీధి మలుపులో ఎవరో నమస్కారం పెట్టి ఆరోగ్యం ఎలా ఉందని అడిగినట్టున్నారు.

"ఏం చెప్పనండీ, ఉప్పు కూడా మానేశాను," అంటున్న గొంతు గుమ్మంలో నిలబడ్డ నాగేశ్వరికి స్పష్టంగా వినిపించింది.